నమూనా గుండె

మా ప్రయోగశాల హాల్లో అడుగుపెట్టగానే ముందు వినపడేది మా అత్తయ్య గుండె.

అతిశయోక్తి ఏమీ లేదు. గోడలకి బిగించిన స్పీకర్లలోంచి రోజంతా మెత్తగా, నెమ్మదిగా అది కొట్టుకుంటూ ఉండేది. పరీక్షకొచ్చిన ఆడవాళ్ళు ఆ చప్పుడు వింటూ కుర్చీల్లోనే కునుకు తీసేవారు. చంకలో పిల్లలు ఏడుపు మానేసేవారు. హాలు ఊడ్చే సింహాచలం ఆ లయకే చీపురు వేసేది. శ్రద్ధగా వింటే నాలుగైదు చప్పుళ్ళకోసారి ఒక చిన్న ఆగు ఉండేది, ఊపిరి పీల్చుకుని మళ్ళీ మొదలెట్టినట్టు. "ఆ తూగే దానికి అందం," అని మురిసిపోయేవారు డాక్టరు చక్రపాణి గారు.

చక్రపాణి గారు మా అత్తయ్య హైమావతికి స్వయానా తమ్ముడు. నాకు పై అధికారి, వరసకి బాబాయి. నేను అక్కడ పనిలో చేరాక నా ఒద్దిక చూసి, మేనల్లుడికి చేసుకుంటామని మా వాళ్ళని అడిగింది ఆయనే. ఆ ఒద్దిక సంగతి తర్వాత ఆయనకే తెలిసొచ్చిందనుకోండి.

ఆయన కనిపెట్టినదాని పేరు జతగుండె. ఒక ఆడమనిషి వేలి నుంచి నెత్తురు చుక్క తీసి గాజు గిన్నెలో పెంచితే, కొన్నాళ్ళకి చింతగింజంత గుండె తయారై కొట్టుకోవడం మొదలెడుతుంది. దానికి ఆ చుక్కే ఆహారం. ఆమె గుండె ఇన్నాళ్ళూ పడిన కష్టమంతా ఈ చిన్నది మళ్ళీ పడుతుంది. దానికెలా గుర్తుంటుందో మాకూ పూర్తిగా తెలియదు. వెచ్చటి పెట్టెలో పెట్టి నడిపిస్తే ఆమెకంటే ముందు పరుగెడుతుంది. ఆమెకి రేపు రాబోయేది దీనికి ఇవాళే వస్తుంది. అయితే ఒక్కో గుండెనీ అలా ముందుకి నడపడం మాటలు కాదు. అందుకని మొదట నమూనా గుండెతో పోల్చి చూస్తాం. సరిపోయిందంటే పచ్చదీపం, గిన్నె చలిపెట్టెలోకి, మనిషి ఇంటికి. తేడా ఉంటే గంట మోగుతుంది. అప్పుడు నడిపించి, ఎక్కడ ఆగుతుందో చూసి, ఆ ఆపద రాకుండా మందు వెతుకుతాం.

నమూనా అంటే జబ్బన్నది ఎరగని ఆడమనిషి గుండె. అంతవరకూ ఆడవాళ్ళ గుండెని మగవాళ్ళ కొలతతోనే చూసేవారు. మగవాడు ఛాతీ పట్టుకుంటే గుండెపోటు. ఆడది దవడ లాగుతోందన్నా, వీపు పట్టేసిందన్నా, కడుపులో తిప్పుతోందన్నా గ్యాసు. ఈ అన్యాయం సరిదిద్దాలనే బాబాయిగారు ఇంత పని తలకెత్తుకున్నారు, అందుకు ఆయన్ని ఇప్పటికీ మెచ్చుకుంటాను. కానీ మొదటి చుక్క ఎవరిది తీసుకోవాలన్న దగ్గర, అంత చదువుకున్నాయనా ఇంట్లో పెళ్ళి పెట్టుకున్నవాడిలాగే ఆలోచించారు. శుభమా అని మొదలెడుతున్నాం, అక్కయ్య చేతి మీదుగా జరగాలన్నారు.

ఎందుకంటే రాజమండ్రిలో మా పేటలో ఏ పెళ్ళయినా పసుపు దంచడంతో మొదలవుతుంది, పసుపు దంచడం మా అత్తయ్యతో మొదలవుతుంది. రోట్లో పసుపు కొమ్ములు పోసి, రోకలికి తోరం కట్టి, హైమావతమ్మగారు మొదటి పోటు వేశాకే మిగతా ముత్తైదువలు చెయ్యి వేస్తారు. ఆవిడ పసుపు దంచిన పిల్లల కాపురాలు చల్లగా ఉంటాయని పేరు. అలాంటి మనిషిని తమ్ముడు నలుగురి ముందూ కూర్చోబెట్టి, "నీకెప్పుడైనా పెద్ద జబ్బేదైనా చేసిందా అక్కయ్యా?" అని అడిగాడట. "నాకేంరా, గుండ్రాయిలా ఉన్నాను," అని ఆవిడ వేలు చాపిందట. నేను చేరేనాటికే ఆ చుక్క గుండై, చలిపెట్టెలో నింపాదిగా కొట్టుకుంటోంది. వేలమంది ఆడవాళ్ళ గుండెల్ని దానితోనే పోల్చాం.

* * *

భ్రమరాంబ గారు హిందీ టీచరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఎప్పుడో ఎడమ రొమ్ములో క్యాన్సరు వస్తే మందులెక్కించుకుని, రేడియేషన్ కరెంటు పెట్టించుకుని బయటపడ్డారు. ఆ సంగతి దాచేవారు కాదు, పైగా గొప్పగా చెప్పుకునేవారు. మా దగ్గర ఆవిడకి పచ్చదీపం వెలిగింది. మర్నెలలో దవడ లాగుతోందని లవంగం నమిలారు, ఆయాసంగా ఉందని సోడా తాగారు. పచ్చదీపం చూపించాక ఏ డాక్టరు మాత్రం ఇంకేం చూస్తాడు? మనవరాలికి జడ వేస్తూ వేస్తూ ఒరిగిపోయారు.

పదోరోజు కర్మ అయ్యాక ఆవిడ భర్త మా హాల్లోకి వచ్చి నిలబడ్డారు. పోట్లాటకి వచ్చారేమో అనుకున్నాను.

"అమ్మా, మా ఆవిడది మీ దగ్గర ఇంకా కొట్టుకుంటోందా?" అన్నారు.

కొట్టుకుంటోంది. చలిపెట్టెలోంచి గిన్నె తీసి, చెవులకి గొట్టం అందించాను. ఆయన కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నారు. తర్వాత తలెత్తి, గోడ మీది స్పీకరు వైపు చూసి, "ఇదీ అదీ ఒక్కలాగే ఉన్నాయే," అన్నారు.

ఆయన వెళ్ళాక నేను విన్నాను. ఒక్కలాగే ఉన్నాయి. ఆ ఆగు, ఆ ఊపిరి పీల్చుకోవడం కూడా. ఆ గిన్నెని వెచ్చటి పెట్టెలో పెట్టి నడిపించాను. తూగింది, తడబడింది, ఆగిపోయింది. నెల తిరక్కుండానే ఆగిపోయే గుండెకి మేం పచ్చదీపం వెలిగించాం.

ఆ వారం పని మానేసి వింటూ కూర్చున్నాను. క్యాన్సరు వచ్చి తగ్గిన ఆడవాళ్ళ గుండెలన్నీ నమూనాతో అచ్చుగుద్దినట్టు సరిపోతున్నాయి. ఏ జబ్బూ లేని వాళ్ళవే కాస్తో కూస్తో తేడాగా ఉన్నాయి. అలాంటివాళ్ళకి అప్పుడప్పుడు గంట మోగితే, నడిపించినా ఏమీ తేలక, పరీక్షంటే బెదిరి ఉంటారని సర్దిచెప్పి పంపేవాళ్ళం. వాళ్ళ ఆరోగ్యమే మాకు జబ్బులా కనిపించింది.

అప్పుడొచ్చింది ఆ ఆలోచన. వచ్చినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

* * *

ఆ ఆదివారం ఎదురింట్లో పసుపు దంచడం. అత్తయ్య జరీ అంచు పట్టుచీర కట్టుకుని రోలు ముందు నిలబడింది. అరవయ్యేళ్ళు దాటినా నిటారుగా ఉంటుంది. రోకలి ఎత్తింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆగింది. ఊపిరి తీసుకుంది. మళ్ళీ మొదలెట్టింది.

ఆవిడ అలా ఆగడం అందరికీ అలవాటే. అదొక పద్ధతి అనుకుంటారు. పక్కన రోకలి పట్టిన చిన్నకోడళ్ళు కూడా ఆవిణ్ణి చూసి అలాగే ఆగుతున్నారు. పేటంతా ఆ ఆగే నేర్చుకుంది. నేను మాత్రం పోట్లు లెక్కపెడుతూ నిలబడ్డాను. మా హాల్లో మోగే చప్పుడు ఈ వాకిట్లో, పట్టపగలు, పసుపు వాసన మధ్య వినిపిస్తోంది.

ఇంటికొచ్చి గోడ మీది ఫొటో ముందు నిలబడ్డాను. మా ఆయన కాలేజీలో పట్టా పుచ్చుకున్నప్పటిది. పక్కన అత్తయ్య, గుండు మీద అప్పుడప్పుడే మొలుస్తున్న జుట్టు, దానిమీదే మల్లెపూలు పెట్టుకోవాలని తంటాలు పడి పిన్నులు గుచ్చుకుంది. తలనీలాలు తిరుపతిలో ఇచ్చానని చెప్పేది. ఆ ఏడు మామగారూ ఆవిడా ఆర్నెల్లు దక్షిణాది యాత్ర చేశారు. ఏం మొక్కుకున్నారని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. దేవుడి పేరు చెప్పాక ఎవరు అడుగుతారు?

వంటింట్లో దొండకాయలు తరుగుతున్న ఆవిడ పక్కన పీట వేసుకుని కూర్చున్నాను.

"అత్తయ్యా, తిరుపతికి వెళ్ళేసరికి మీ తల మీద అసలు జుట్టుందా?"

కత్తిపీట మీద చెయ్యి ఆగింది. నా మొహం వంక చూడలేదు.

"ఎవరు చెప్పారే?"

"మీ గుండే చెప్పింది."

ఆవిడ తరిగిన ముక్కల్ని ఊరికే కలిపింది. "మద్రాసులో చేయించుకున్నాం. చిన్న గడ్డ. తీసేశారు. తర్వాత ఎర్ర మందు ఎక్కించారు, ఎడమవైపు కరెంటు పెట్టారు. పోయింది. పోయినదాని గురించి ఊరంతా దండోరా వెయ్యాలా?"

"బాబాయిగారికైనా చెప్పాల్సింది కదా."

"వాడప్పుడు బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. తర్వాత, నలుగురి ముందూ అడిగాడు. ఆ నలుగురూ నాచేత పసుపు దంచించుకునేవాళ్ళే. ఏమని చెప్పను?"

వసారాలో పేపరు చదువుతున్న మామగారు ఎప్పుడొచ్చారో, గుమ్మంలో నిలబడి ఉన్నారు. "నేనే వద్దన్నానమ్మా ప్రసూనా," అన్నారు. "ఆ జబ్బు పేరు వింటే రోకలి చేతికివ్వరు. మొహం మీద అనరు, పిలవడం మానేస్తారు. మీ అత్తయ్యకి ఆ పిలుపులే ప్రాణం."

భ్రమరాంబ గారి సంగతి చెప్పాను. పచ్చదీపాల సంగతి చెప్పాను. ఆర్టీసీ కండక్టరు రత్నకుమారి సంగతి చెప్పాను. ఆమెకి కూడా వెనక క్యాన్సరు. వీపు నొప్పి అంటూ వస్తే పచ్చదీపం వెలిగింది. దొంగతనంగా ఆమె గుండెని నడిపించి చూశాను, అదీ ఆగిపోతోంది. ఆమెకి ఒక్కదానికీ నేనేదో నచ్చజెప్పి వైద్యానికి పంపగలను. చలిపెట్టెల్లో ఇంకెంతమంది ఉన్నారో! వాళ్ళందర్నీ వెనక్కి పిలవాలంటే నమూనా తప్పని బాబాయిగారు ఒప్పుకోవాలి. ఒప్పుకోవాలంటే ఆవిడ నోరు విప్పాలి.

"నామీద ఒట్టు, వాడికి చెప్పకు," అంది అత్తయ్య. "కాస్త ఆలోచించుకోనీ."

నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది. రెండూ ఒక్క మనిషి మీదే. ఒట్టుకి కట్టుబడ్డాను, కానీ ఆవిడ వేలు పట్టుకుని ఒక కొత్త చుక్క మాత్రం తీసుకున్నాను. అడ్డు చెప్పలేదు.

* * *

ఒట్టు తప్పకుండానే బాబాయిగారిని కదిపి చూశాను.

"క్యాన్సరు వచ్చినవాళ్ళని విడిగా చూద్దాం బాబాయిగారూ. ఆ మందులు, ఆ కరెంటు ఏళ్ళ తర్వాత గుండె మీద పడుతున్నాయనిపిస్తోంది."

"నమూనాతో సరిపోతున్నాయా లేదా?"

"సరిపోతున్నాయి. అదే నా అనుమానం. నమూనానే..."

ఆయన మొహం జేవురించింది. "అమ్మాయ్, అది ఎవరి గుండో తెలిసే మాట్లాడుతున్నావా? పుట్టి బుద్ధెరిగాక మా అక్కయ్య మంచాన పడగా చూళ్ళేదు. ఆధారం ఉంటే తీసుకురా. లేకపోతే పని చూసుకో."

ఆయన చెడ్డవాడు కాదు. ఒక్క మాట ఒప్పుకుంటే వేల పచ్చదీపాలు ఎర్రబడతాయి, దానికి భయపడ్డాడు. అంతకంటే ఎక్కువగా అక్కయ్యని అనుమానించడానికి భయపడ్డాడు. హాల్లో అక్కయ్య గుండె తూగుతూనే ఉంది. కుర్చీల్లో కూర్చున్న ఆడవాళ్ళు కళ్ళు మూసుకుని వింటున్నారు. ఆ చప్పుడు నాకు ఇంట్లోనూ వినపడసాగింది. కుళాయి చుక్కల్లో, సైకిలు తొక్కుతున్న పక్కింటి పిల్లాడి పెడల్లో, మా ఆయన గురకలో. అన్నిట్లోనూ నాలుగు చప్పుళ్ళు, ఒక ఆగు.

కొత్త చుక్క ఈలోగా గుండైంది. నడిపించాను. ముందుకి పోతున్నకొద్దీ ఆగు పెద్దదైంది. అత్తయ్య రోకలి ఎత్తలేక నిలబడిపోయినట్టే అనిపించి గిన్నె మీద చెయ్యి వేశాను, ఏదో పట్టుకుని ఆపగలిగినట్టు. ఆగిపోయింది. ఇంకో చుక్క పెంచి మందులు వేసి చూశాను. కొంచెం ముందుకి జరిగింది, అంతే. మందు పూర్తిగా పనిచేసే దశని ఆవిడ గుండె ఎప్పుడో దాటిపోయింది.

మర్నాడు పొద్దున్న పూజ అయ్యాక అత్తయ్య గంట మోగించింది. మా ఇంట్లో ఆ గంట దేవుడికి కాదు, నాకు. కాఫీ చల్లారిపోతోంది రావే అని దానర్థం. "వస్తున్నా అత్తయ్యా" అని నేను కేకెయ్యాలి. పెళ్ళయిన నాటి నుంచి అదే వరస. ఆవేళ నేను కేకెయ్యలేదు. నేను వెళ్ళి నిలబడేసరికి ఆవిడకి అర్థమైపోయింది.

"ఎందాకా నడిచింది?"

"శ్రావణం దాకా."

గ్లాసు నా చేతికిచ్చింది. "శ్రావణంలో పెళ్ళిళ్ళు ఎక్కువే," అంది. గంటని దేవుడి పీట మీద పెట్టి, "నాది చూసి ఇంకెవరికీ నిబ్బరం చెప్పకండే," అంది.

* * *

ఆ వారంలోనే కొండూరి వారింట్లో పసుపు దంచడం. పెళ్ళికూతురి నాయనమ్మ వెంకాయమ్మగారు ఎదురొచ్చి అత్తయ్యని చెయ్యి పట్టుకుని రోలు దగ్గరికి తీసుకెళ్ళారు. వాకిలి నిండా ఆడవాళ్ళు. బాబాయిగారు కూడా అటు చుట్టరికం ఉండి వచ్చారు, మగవాళ్ళతో అరుగు మీద కూర్చున్నారు.

అత్తయ్య రోకలి ఎత్తింది. రెండు పోట్లు వేసింది. మూడోది వెయ్యకుండా రోకలిని రోటికి ఆనించింది.

"వెంకాయమ్మొదినా, ఒక మాట. నాకు క్యాన్సరు వచ్చి తగ్గింది. పదేళ్ళు దాటింది. యాత్రన్నదీ అబద్ధమే, తలనీలాలన్నదీ అబద్ధమే. మందుకి రాలిపోయింది జుట్టు. ఇప్పుడు ఆ మందే గుండె మీద పడింది. నేను ఆగి ఆగి దంచేది పద్ధతి అనుకుంటున్నారు మీరంతా. ఆయాసమర్రా అది."

అరుగు మీద బాబాయిగారు లేచి నిలబడ్డారు. ఆయన మొహం చూడలేక నేను తల తిప్పుకున్నాను. అత్తయ్య ఆయన వైపు చూసి, "నీకు ఆ రోజే చెప్పాల్సిందిరా చక్రీ. నా గుండె పెట్టి ఎవర్నీ కొలవకు," అంది. 

వెంకాయమ్మగారు మంచి మనిషే. నొచ్చుకుంటున్నట్టే వచ్చారు. "అలిసిపోయావు వదినా, కూర్చో," అని రోకలి అందుకుని, పక్కనున్న ఇంకొకావిడ చేతికిచ్చారు. మామగారు చెప్పింది ఎంత నిజమో! మొహం మీద ఒక్క మాట అనలేదు.

అత్తయ్య చేతులు కడుక్కుని ఇంటికొచ్చేసింది. దారిలో నా భుజం పట్టుకుంది. ఆ వేసవిలో మళ్ళీ మా గుమ్మంలోకి పిలుపు రాలేదు. పసుపు దంచే చప్పుడు వీధిలోంచి వినపడితే ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడేది. నేను తలుపు వెయ్యబోతే, "ఉండనీ, విననీ," అనేది.

బాబాయిగారు రెండు రోజులు తలుపేసుకుని కూర్చున్నారు. మూడో రోజు వచ్చి హాల్లో స్పీకర్లు ఆపించారు. ఆ నిశ్శబ్దానికి సింహాచలం చీపురు పట్టుకుని దిక్కులు చూసింది. చలిపెట్టెలన్నీ తెరిచాం. జబ్బు లేదని రూఢిగా తేలినవాళ్ళవి ఎన్నో గుండెలు కలిపి కొత్త నమూనా తయారుచేసి, అందర్నీ మళ్ళీ పోల్చాం. గంటలు మోగడం మొదలెట్టాయి. ఒకటి ఆగకముందే ఇంకొకటి. నా మాట మీద అప్పటికే మందులు వాడుతున్న రత్నకుమారిని ఆ సాయంత్రమే ఆసుపత్రిలో చేర్చారు. మూసుకుపోతున్న రక్తనాళం తెరిచారు, బతికింది. ఇప్పటికీ బస్సులో నన్ను చూస్తే, "డాక్టరమ్మా, ముందుకి జరగండి," అని అందరికంటే గట్టిగా అరుస్తుంది.

మేం అడిగే పద్ధతి కూడా మార్చాం. నలుగురి ముందూ అడగడం మానేశాం. గదిలో ఒక్కర్తినే కూర్చోబెట్టి, "మీరు తలనీలాలు ఎప్పుడైనా ఇచ్చారా అమ్మా?" అని మొదలెడతాను. కొంతమంది నవ్వి, ఇచ్చాను అంటారు. కొంతమంది తల దించుకుంటారు. అప్పుడు తలుపు గడియ పెట్టి మంచినీళ్ళు ఇస్తాను.

* * *

మందులతో శ్రావణం దాటించాం. కార్తీకం దాటించలేకపోయాం. అత్తయ్య ఒక పొద్దున్న తులసి దగ్గర దీపం పెట్టి, మెట్టు మీద కూర్చుని మరి లేవలేదు.

ముత్తైదువగా పోయిన మనిషి చేతి పసుపు కుంకుమ తీసుకోవడానికి ఆడవాళ్ళు వస్తారు, అది ఆనవాయితీ. పేటవాళ్ళు వస్తారో రారోనని మామగారు గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నారు. ముందు వచ్చింది రత్నకుమారి, డ్యూటీ మీది ఖాకీ బట్టల్లోనే. ఆమె వెనక, గంట మోగాక నేను పిలిపించిన వాళ్ళందరూ. కొందరికి ఇంకా జుట్టు సరిగా రాలేదు. వరసలో నిలబడి, ఒక్కొక్కరే వంగి, ఆవిడ పాదాల దగ్గరున్న పసుపు తీసుకుని మెడకి రాసుకున్నారు. చివర్లో వెంకాయమ్మగారు వచ్చారు. పసుపు తీసుకుని, మెడకి రాసుకోకుండా జాకెట్టులో ఎడమవైపు చెయ్యి పెట్టి రాసుకున్నారు. నావైపు చూసి, "మద్రాసులోనే నేనూ," అన్నారు నెమ్మదిగా. మామగారు అప్పుడు ఏడ్చారు.

అత్తయ్య మొదటి చుక్క గుండె ఇంకా చలిపెట్టెలో కొట్టుకుంటూనే ఉంది. ఆపడానికి బాబాయిగారికి చేతులు రాలేదు, నాకూ రాలేదు. దానికి వేరే పని అప్పజెప్పాం. ఇప్పుడు ప్రతి కొత్త గుండెనీ రెండుసార్లు పోలుస్తాం, రెండోసారి ఆవిడతో. ఆవిడ గుండెతో ఎవరిది సరిపోయినా గంట మోగుతుంది. వెనకటికి ఏ ఆగు చూసి మేం నిబ్బరంగా ఇళ్ళకి పంపామో, ఆ ఆగు వినపడితేనే ఇప్పుడు పరుగెడతాం.

నిన్న పొద్దున్న ప్రయోగశాలలో నేను కాఫీ గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉండగా లోపల గంట మోగింది. ఎవరో కాకినాడ అమ్మాయి, ఇంకా నలభై కూడా నిండలేదు. బాబాయిగారు తలెత్తి నావైపు ఎందుకలా చూశారో నాకు వెంటనే తెలియలేదు. అప్పటికే నా నోట్లోంచి, మా ఇంట్లో కేకేసినట్టే, "వస్తున్నా అత్తయ్యా" అని వచ్చేసింది.